ఎడ్విన్ ష్నైడ్‌మన్ కృషి: నిలిచినదెంత, నిలవనిదెంత?

1949వ సంవత్సరంలో అమెరికాలోని లాస్ ఏంజెలెస్ నగరంలో, మాజీ సైనికుల వైద్యశాఖలో పనిచేస్తున్న ఒక యువ మనస్తత్వ శాస్త్రజ్ఞుడికి పై అధికారి ఒక చిన్న పని అప్పగించాడు. ఆత్మహత్య చేసుకున్న ఇద్దరు మాజీ సైనికుల భార్యలకు ఆస్పత్రి తరఫున ఉత్తరాలు వ్రాయాలి. వివరాల కోసం ఆయన కరోనర్ కచేరీకి వెళ్ళాడు. అనుమానాస్పదమైన మరణాలను విచారించి, కారణాన్ని నిర్ణయించే అధికారిని ఆ దేశంలో కరోనర్ అంటారు. ఆ కచేరీ దస్త్రాలలో, చనిపోయినవారు వ్రాసిపెట్టిన చివరి ఉత్తరాలు వందలకొద్దీ పడి ఉన్నవి. ఎవరూ వాటిని చదివి పోల్చి చూసిన పాపాన పోలేదు. ఆ యువకుడు 721 ఉత్తరాలను పోగుచేశాడు. వచ్చిన పని రెండు ఉత్తరాలు వ్రాయడం; చేతికి చిక్కింది జీవితకాలానికి సరిపడే పరిశోధన.

ఆయన పేరు ఎడ్విన్ ష్నైడ్‌మన్. 1918లో జన్మించి 2009లో తన 91వ యేట మరణించాడు. ఆత్మహత్యల అధ్యయనం ఒక ప్రత్యేక శాస్త్రంగా ఏర్పడడానికి ఈయన చేసినంత పని మరొకరు చేయలేదని చెప్పవచ్చును. ఆ శాస్త్రానికి 'సూసైడాలజీ' అన్న పేరును వ్యాప్తిలోకి తెచ్చినవాడు ఆయనే. అమెరికాలో 1968లో ఆ పేరుతో ఒక జాతీయ సంఘాన్ని స్థాపించాడు. డజనుకు పైగా గ్రంథాలు వెలువరించాడు. ఇటువంటి వ్యక్తిని గురించి వ్రాసేవారు సాధారణంగా పొగడ్తతోనే సరిపెడతారు. కాని ఆయన చెప్పిన మాటలలో కొన్ని పరీక్షకు నిలిచినవి, కొన్ని నిలవలేదు. ఏవి నిలిచాయో తెలుసుకోవడం పండితుల కాలక్షేపం కాదు. జాతీయ నేరనమోదు సంస్థ లెక్కల ప్రకారం 2022లో మన దేశంలో 1,70,924 మంది ఆత్మహత్య చేసుకున్నారు. వారిలో 13,044 మంది విద్యార్థులు. వీరిలో ప్రతి ఒక్కరికీ ఒక ఉపాధ్యాయుడో, ఒక ఉపాధ్యాయినో ఉండే ఉంటారు.

మొదట ఆ ఉత్తరాల సంగతి చూద్దాం. దొరికినవాటిని చదివి, కన్నీరు పెట్టుకొని, ఒక పుస్తకం వ్రాసెయ్యడం ఎవరైనా చేయగల పని. ష్నైడ్‌మన్ అలా చేయలేదు. తన సహచరుడు నార్మన్ ఫార్బరోతో కలిసి ఒక ఉపాయం పన్నాడు. ఆత్మహత్య ఆలోచన ఏమాత్రం లేని సామాన్యులను, కార్మిక సంఘాల సభ్యులవంటివారిని పిలిచి, 'మీరే ఆ స్థితిలో ఉంటే ఏమి వ్రాస్తారో వ్రాయండి' అని అడిగారు. ఇలా వచ్చిన 33 కల్పిత లేఖలను, వయస్సు మొదలైన విషయాలలో సరిపోలే వ్యక్తుల 33 అసలు లేఖలతో జతపరచి, ఏది అసలో ఏది కల్పితమో తెలియకుండా విశ్లేషించారు. ఉత్తరం ఎటువంటిదో ముందే తెలిస్తే చదివేవాడు తాను వెదికినదే చూస్తాడు; ఆ ప్రమాదాన్ని తప్పించడానికే ఈ ఏర్పాటు. ఔషధాల పరీక్షలలో పాటించే నియమాన్ని ఆయన దుఃఖపు వ్రాతలకు వర్తింపజేశాడన్నమాట. ఈనాటికీ ఆయన పనిలో కెల్లా మెచ్చదగినది ఇదే.

తేలినదేమిటి? కల్పించి వ్రాసినవారు జీవితం గురించీ మరణం గురించీ పెద్దపెద్ద మాటలు వ్రాశారు. అసలు లేఖలలో బాధ, కోపం ఎక్కువ; దానితోపాటు ఇంటిపనులకు సంబంధించిన చిన్నచిన్న పురమాయింపులు. నాటకాలలో, సినిమాలలో మనం వినే గంభీరమైన వీడ్కోలు వాక్యాలు ఎక్కువగా బ్రతికి ఉన్నవారి కల్పనలేనని దీనినిబట్టి తెలుస్తున్నది. ఈ ఫలితాలు 1957లో పుస్తకరూపంలో వచ్చాయి.

అయితే ఈ 33 మందీ 25 నుండి 59 సంవత్సరాల వయస్సులోని శ్వేతజాతి పురుషులు. స్త్రీలు లేరు, పిల్లలు లేరు, ఉత్తరమే వ్రాయకుండా చనిపోయినవారు, అంటే అత్యధిక సంఖ్యాకులు, అసలే లేరు. ఇంత చిన్న కిటికీలోనుండి ఇంత పెద్ద విషయాన్ని చూడగలమా అన్న సందేహం ఎవరికైనా వస్తుంది. ష్నైడ్‌మన్‌కే వచ్చింది. 1973లో ఆయన తన పూర్వాభిప్రాయాన్ని తానే త్రోసిపుచ్చాడు: ఈ లేఖలు ఆశించినంత విషయాన్ని చెప్పవు, తన స్థితిని చక్కగా వివరించి వ్రాయగలిగినంత విశాలంగా మనస్సు ఉంటే ఆ మనిషి ఆ పని చేయడు అన్నాడు. మరి కొన్నేళ్ళకు, 1980లో, రెండు అభిప్రాయాలకూ మధ్య నిలిచి, ఆ మనిషి జీవితచరిత్రతో కలిపి చదివితేనే ఉత్తరానికి అర్థం వస్తుందన్నాడు. ముప్పై యేళ్ళలో మూడు అభిప్రాయాలు. ఇది చపలత్వం అనుకునేవారున్నారు. కాని తాను కనుగొన్న నిధి మీదనే అనుమానపడగలిగినవారు శాస్త్రజ్ఞులలో కూడా ఎక్కువమంది ఉండరు.

ఉత్తరాల తర్వాత పని చనిపోయినవారినుండి బ్రతికివున్నవారి వైపు మళ్ళింది. 1958లో ష్నైడ్‌మన్, ఫార్బరో, మానసిక వైద్యుడు రాబర్ట్ లిట్‌మన్ ముగ్గురూ కలిసి, ప్రభుత్వ ధనసహాయంతో లాస్ ఏంజెలెస్ ఆత్మహత్యా నివారణ కేంద్రాన్ని ప్రారంభించారు. పెద్దాస్పత్రి ఆవరణలో వాడకం మానేసిన ఒక పాత క్షయరోగుల భవనం వారికి దొరికింది. ఆత్మహత్యకు ప్రయత్నించి ఆస్పత్రిలో చేరినవారిని పరిశీలించి, చికిత్సకు దారి చూపడం వారి మొదటి ఉద్దేశం. కాని ఈ కబురు ఊరిలో పాకేసరికి టెలిఫోన్లు మోగడం మొదలుపెట్టాయి. అర్ధరాత్రి వచ్చే పిలుపుకు జవాబు చెప్పడానికి డాక్టర్లు చాలరు. అందుచేత వైద్యశాస్త్రంతో సంబంధంలేని సామాన్యులకు శిక్షణ ఇచ్చి టెలిఫోను ముందు కూర్చోబెట్టారు. అంతకు ముందే 1953లో లండనులో చాడ్ వారా అనే క్రైస్తవ గురువు 'సమారిటన్స్' అనే సహాయసంఘాన్ని ప్రారంభించాడు. అక్కడా జరిగింది ఇదే. గురువుగారితో మాట్లాడడానికి వచ్చినవారు, వరుసలో వేచివుండగా తమకు టీ ఇచ్చి కబుర్లు చెప్పిన స్వచ్ఛంద సేవకులతోనే మనసు విప్పుకొని, చాలామంది గురువుగారిని చూడకుండానే తేలికపడి వెళ్ళిపోయేవారట.

1966లో అమెరికా ప్రభుత్వపు జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ ఆత్మహత్యల నివారణకై ఒక ప్రత్యేక విభాగాన్ని నెలకొల్పి దానికి ష్నైడ్‌మన్‌ను అధిపతిగా నియమించింది. రాష్ట్రాలు తిరిగి, అధికారులను ఒప్పించి, ఆయన ఇటువంటి కేంద్రాలను దేశమంతటా ప్రోత్సహించాడు. నేడు ఆ దేశంలో 2022 జులై నుండి అమలులో ఉన్న 988 అనే మూడంకెల టెలిఫోను సదుపాయానికి పూర్వీకులు ఆ కేంద్రాలే. మన దేశంలో అదే సంవత్సరం అక్టోబరులో ప్రారంభమైన 'టెలి మానస్' కూడా ఈ వంశంలోనిదే. 14416 అన్న ఆ నంబరుకు రాత్రింబవళ్ళు ఎప్పుడైనా ఉచితంగా ఫోను చేయవచ్చును, తెలుగులో మాట్లాడవచ్చును. ఈ నంబరు ప్రతి పాఠశాల ప్రకటనల పలక మీదా ఉండదగినది.

కేంద్రాలు పెరిగినమాట నిజం. మరి ఆత్మహత్యలు తగ్గాయా? 1974లో డేవిడ్ లెస్టర్ అనే పరిశోధకుడు ఇటువంటి కేంద్రాలున్న నగరాలనూ లేని నగరాలనూ పోల్చి, తేడా కనబడడంలేదని ప్రకటించాడు. 1984లో మిల్లర్, ఆయన సహచరులు లెక్కలను వయస్సు, లింగాల వారీగా విడదీసి చూడగా, శ్వేతజాతి యువతులలో మాత్రం తగ్గుదల కనిపించింది. ఈ కేంద్రాలకు ఎక్కువగా ఫోను చేసేది కూడా వారే. అంటే పిలిచినవారికి మేలు జరుగుతుండవచ్చును, పిలవనివారే ఎక్కువమంది. వయసుమళ్ళిన పురుషుడు ఫోను ఎత్తడు. ష్నైడ్‌మన్ ఉత్సాహానికి ఈ ఫలితం చల్లటి నీళ్ళు చల్లినట్లయింది గాని, ఆయన ప్రచారపు మాటలలో ఆ తగ్గింపు కనబడదు.

ఆయన పేరుతో ముడిపడిన మరొక పద్ధతి 'సైకలాజికల్ అటాప్సీ', అనగా మనస్సుకు చేసే శవపరీక్ష. మాత్రలు ఎక్కువగా మింగి చనిపోయిన మనిషిది ప్రమాదమా, ఆత్మహత్యా అన్నది శరీరాన్ని ఎంత కోసి చూచినా తెలియదు. లాస్ ఏంజెలెస్ కరోనర్ థియొడోర్ కర్ఫీ ఈ చిక్కు ఎదురై కేంద్రం సహాయం అడిగాడు. వీరు చనిపోయిన వ్యక్తి బంధువులను, స్నేహితులను, వైద్యులను కలుసుకొని, ఆఖరి దినాలలో ఆ మనిషి ఏమి తిన్నాడు, ఏమి మాట్లాడాడు, దేనిని గురించి దిగులుపడ్డాడు అని ఓపికగా అడిగి, మనఃస్థితిని తిరిగి నిర్మించడానికి ప్రయత్నించారు. 1962లో ఒక ప్రసిద్ధ సినీనటి మరణంలో వీరి సహాయం తీసుకొనడంతో ఆ పేరు లోకానికంతా తెలిసింది. నిజానికి అటువంటి విచారణను పెద్ద యెత్తున, క్రమపద్ధతిలో మొదట చేసింది సెంట్ లూయిస్ నగరంలో ఈలై రాబిన్స్ బృందం. వరుసగా జరిగిన 134 ఆత్మహత్యలను వారు పరిశీలించి 1959లో ఫలితాలు ప్రకటించారు. కాని పేరు ఎవరు పెడితే కీర్తి వారిదే కావడం శాస్త్రచరిత్రలో కొత్త కాదు.

ఈ పద్ధతికి ఒక లోపం పుట్టుకతోనే ఉన్నది. మరణం ఎలా సంభవించిందో చెప్పేవారికి ముందే తెలుసు. తెలిసిన తర్వాత గతమంతా ఆ రంగులోనే కనిపిస్తుంది. పైగా అడిగేవాడు దేనిని జబ్బు అంటాడో, దేనిని కష్టం అంటాడో అన్నదానినిబట్టి జవాబు మారుతుంది. రాబిన్స్ తన 134 మందిలో 94 శాతానికి మానసిక వ్యాధి ఉన్నదని తేల్చాడు. మన పొరుగునే చెన్నైలో జరిగి 1999లో వెలువడిన ఒక పరిశోధనలో ఇది 88 శాతం. అదే తమిళనాడులో వెల్లూరు దగ్గరి కణియంబాడి గ్రామాలలో జరిగి 2010లో వెలువడిన పరిశోధనలో 37 శాతం మాత్రమే. రెండింటిలోనూ నూరేసి మరణాలను తీసుకున్నారు. పట్నానికీ పల్లెకూ నిజంగా అంత తేడా ఉన్నదా, లేక కొలబద్దలే వేరా? బహుశః రెండూ కొంతకొంత ఉండవచ్చును. ఏదైనా 'ఆత్మహత్య చేసుకునే ప్రతివాడూ మానసిక రోగి' అన్న మాటను ఈ పద్ధతి ఆధారంగా గట్టిగా చెప్పడానికి వీలులేదు.

ఇక్కడ ష్నైడ్‌మన్ మిగిలిన వైద్యలోకంతో విభేదించాడు. రోగం పేరు చెప్పినంతమాత్రాన మనిషి ఎందుకు చనిపోయాడో తెలియదన్నాడు. దిగులు జబ్బు ఉన్న లక్షలమంది బ్రతుకుతూనే ఉన్నారు గదా! ఆయన దృష్టిలో అసలు కారణం భరించరాని మనసునొప్పి. 1993లో దానికి 'సైకేక్' అని ఒక కొత్త పేరు పెట్టాడు. పంటినొప్పి, తలనొప్పి అన్నట్లే ఇది మనసునొప్పి. తెలుగువారికి ఈ మాట కొత్తగా కనిపించదు. 'మనసు నొచ్చుకున్నది' అని మనం అనుకుంటూనే ఉంటాము. ప్రేమ, గౌరవం, స్వేచ్ఛ, ఏదో సాధించడం వంటి ప్రాథమికమైన అవసరాలు తీరకపోవడంవల్ల ఆ నొప్పి పుడుతుందనీ, ఎవరికి ఏ అవసరం ముఖ్యమో అది వారినే అడిగి తెలుసుకోవాలనీ ఆయన సిద్ధాంతం. 1985లో ప్రకటించిన గ్రంథంలో ఆత్మహత్యలన్నింటికీ సామాన్యమైన లక్షణాలంటూ పదింటిని లెక్కపెట్టాడు.

పదింటిలో రెండు చాలా విలువైనవి. ఒకటి ఊగిసలాట: చావాలని కోరేవాడే, అదే క్షణంలో, ఎవరైనా అడ్డుపడితే బాగుండునని కూడా కోరుకుంటాడు. రెండవది చూపు కుంచించుకుపోవడం. బాధ ముదిరినపుడు మనిషికి 'ఈ కష్టం ఇప్పుడే పూర్తిగా తొలగిపోవాలి, లేదా నేనే ఉండకూడదు' అన్న రెండే దారులు కనిపిస్తాయి. దీనికి ఆయన ఒక ఉదాహరణ పలుచోట్ల చెప్పాడు. పెళ్ళికాకుండా గర్భవతియైన ఒక కళాశాల విద్యార్థిని చావే శరణ్యమని నిశ్చయించుకొని ఆయన దగ్గరకు వచ్చింది. ఆయన ధర్మోపన్యాసం చేయలేదు. ఒక కాగితం తీసుకొని ఆమె పక్కన కూర్చున్నాడు. తల్లిదండ్రులకు చెప్పడం, ఆ అబ్బాయితో మాట్లాడడం, బిడ్డను కని పెంచుకోవడం, పెంపుడుకు ఇవ్వడం ఇలా ఒక్కొక్క దారినే వ్రాస్తూపోయాడు. ప్రతిదానికీ ఆమె 'అది కుదరదు' అంటూనే ఉన్నది. చావు కూడా ఆ పట్టికలో ఒకటి. తర్వాత ఆయన, 'వీటిలో అతి చెడ్డది ఏది, దానికంటె కొంచెం తక్కువ చెడ్డది ఏది, వరుసన గుర్తుపెట్టు' అన్నాడు. ఆమె అంకెలు వేసింది. ఏ దారీ ఆమెకు నచ్చలేదు. కాని చావుకు మొదటి స్థానం పోయింది. తక్కిన బేరసారాలు తర్వాత మెల్లగా సాగాయి. పరీక్ష తప్పిన పదిహేనేళ్ళ పిల్లవానికి సప్లిమెంటరీ పరీక్ష, మరొక కోర్సు, ఒక సంవత్సరం ఆగడం అన్నవి కళ్ళెదుటే ఉన్నా ఎందుకు కనిపించవో ఈ వివరణవల్ల కొంత అర్థమవుతుంది. 'ఇంత చిన్న విషయానికా!' అని పెద్దలు అనడం అతని చూపును విశాలపరచదు. తన బాధ వీరికి అర్థంకాలేదన్న నిశ్చయాన్ని మాత్రం బలపరుస్తుంది.

కాని పది లక్షణాలూ ఆత్మహత్యలన్నింటికీ సామాన్యమనడం సాహసం. చనిపోయినవారిలో ఈ లక్షణాలున్నాయని చూపితే చాలదు. అంతే బాధపడి కూడా బ్రతికినవారిలో అవి లేవని చూపాలి. ఉత్తరాల విషయంలో పోలిక బృందం కోసం అంత శ్రమపడిన మనిషి, సిద్ధాంతం కట్టేటప్పుడు ఆ సంగతి మరచినట్లున్నాడు. నొప్పి ఎందరికో ఉంటుంది. కోరిక నుండి చేత దాకా వెళ్ళేవారు కొందరే ఎందుకు? ఈ ప్రశ్నను విడదీసి సూటిగా అడిగినవాడు 2005లో థామస్ జాయినర్, ష్నైడ్‌మన్ కాదు.

ఇక అన్నింటికంటె ముఖ్యమైన సంగతి: హెచ్చరిక సూచనలు. ఆత్మహత్య గురించి మాట్లాడేవారు ఆ పని చేయరన్న అపోహను ఖండిస్తూ ష్నైడ్‌మన్, ఫార్బరోలు ప్రచారం చేసిన మాట ఒకటున్నది: చనిపోయిన ప్రతి పదిమందిలో ఎనిమిదిమంది ముందే ఏదో ఒక సూచన ఇచ్చినవారేనని. రాబిన్స్ పరిశీలనలో కూడా 69 శాతం మంది తమ ఉద్దేశాన్ని ఎవరికో ఒకరికి చెప్పివున్నారు. అపోహను పోగొట్టడానికి ఈ మాట గొప్పగా ఉపయోగపడింది. కాని దీనినుండి 'సూచనలు తెలిస్తే ఎవరు చనిపోతారో ముందే చెప్పవచ్చును' అన్న ఆశ పుట్టింది. ఆ ఆశ గణితశాస్త్రం ముందు నిలవలేదు.

చనిపోయినవారిలో సూచన ఇచ్చినవారెందరు అన్నది ఒక ప్రశ్న. సూచన ఇచ్చినవారిలో చనిపోయేదెందరు అన్నది మరొక ప్రశ్న. మొదటిదానికి జవాబు 80 శాతమైతే, రెండవదానికి కూడా 80 కానక్కరలేదు. రెండు శాతమైనా కావచ్చును. వర్షం కురిసిన దినాలలో దాదాపు అన్నింటిలోనూ మబ్బులుంటాయి. మబ్బు పట్టిన దినాలన్నీ వర్షదినాలు కావు గదా! ఈ తేడాను పరీక్షించి చూపినవాడు అలెక్స్ పొకోర్నీ. టెక్సాస్ రాష్ట్రంలో మాజీ సైనికుల ఆస్పత్రిలో చేరిన 4,800 మంది మానసిక రోగులను ఆయన ముందుగా పరీక్షించి, తర్వాత సంవత్సరాల తరబడి కనిపెట్టివుండి, 1983లో ఫలితాలు ప్రకటించాడు. మొత్తం 67 మంది ఆత్మహత్య చేసుకున్నారు. అప్పటికి తెలిసిన సూచనలనుబట్టి 803 మందిని ప్రమాదస్థితిలో ఉన్నవారుగా గుర్తించగా, వారిలో చనిపోయినవారు 30 మంది. అనగా గుర్తించిన నూరుమందిలో తొంభైఆరుగురి విషయంలో జోస్యం తప్పు. పైగా, ప్రమాదం లేదనుకున్న 3,997 మందిలోనుండి 37 మంది చనిపోయారు. మరణాలలో సగానికి పైగా వలలో పడనేలేదు. ఉన్నత పాఠశాలలో సంభావ్యత పాఠం చెప్పే ఉపాధ్యాయులు నల్లబల్ల మీద ఈ నాలుగు అంకెలనూ వేసి చూపవచ్చును.

చనిపోయిన పిల్లవాని తల్లిదండ్రులను, ఉపాధ్యాయులను 'ముందే ఎందుకు కనిపెట్టలేదు?' అని లోకం నిలదీస్తుంది. వారు తమను తామే నిలదీసుకుంటారు. ష్నైడ్‌మన్ ప్రచారానికి ఇది ఆయన కోరని దుష్ఫలితం. పదిమందిలో ఎనిమిదిమంది చెప్పే పోతారన్న వాక్యం, మిగిలినవారి గుండెలో 'నీకు చెప్పినా నీవు వినలేదు' అన్న అభియోగంగా నాటుకుంటుంది. వెనుదిరిగి చూచినపుడు స్పష్టంగా కనిపించే దారి, ముందుకు చూచినపుడు వెయ్యి దారులలో ఒకటి మాత్రమే.

అయితే జోస్యం తప్పినంతమాత్రాన సూచనలను నిర్లక్ష్యం చేయాలని అర్థం కాదు. తన వస్తువులను పంచిపెట్టేస్తున్న, నిద్రాహారాలు మానిన, తాను ఉండి లాభం లేదంటున్న విద్యార్థి చనిపోతాడో లేదో ఎవరూ చెప్పలేరు. కాని బాధపడుతున్నాడన్నది మాత్రం స్పష్టం. సహాయం చేయడానికి అంతకంటె రుజువు అక్కరలేదు. ఆయన తన రోగులతో మొదట అడిగేవి రెండే విషయాలు: నొప్పి ఎక్కడ, నేను చేయగలిగినదేమిటి అని. భవిష్యత్తు చెప్పే విద్యగా ఆయన శాస్త్రం నెరవేరలేదు గాని, ఈ రెండు ప్రశ్నలూ నెరవేరినవి. వాటికి ఆధారాలు ఇతరుల పరిశోధనలనుండి తర్వాత వచ్చాయి.

ఉదాహరణకు, ఆత్మహత్య గురించి నేరుగా అడిగితే లేని ఆలోచన పుట్టించినట్లు అవుతుందని పెద్దలు భయపడతారు. అలా జరగదని ష్నైడ్‌మన్ మొదటినుండీ చెబుతూ వచ్చాడు. చెప్పడానికి అనుభవం తప్ప ప్రయోగం లేదు. ఆ ప్రయోగాన్ని మడెలిన్ గౌల్డ్ బృందం న్యూయార్కు రాష్ట్రంలోని ఆరు ఉన్నత పాఠశాలలలో 2,342 మంది విద్యార్థుల మీద చేసి 2005లో ప్రకటించింది. సగంమందికి ఇచ్చిన ప్రశ్నాపత్రంలో ఆత్మహత్యను గురించిన ప్రశ్నలున్నాయి, మిగతా సగానికి లేవు. తర్వాత చూడగా, అడిగించుకున్నవారిలో దిగులుగాని, ఆ ఆలోచనగాని పెరగలేదు. అప్పటికే బాధలో ఉన్నవారికి కొంత ఊరట కూడా కలిగినట్లు తోచింది. మరొకటి శాన్‌ఫ్రాన్సిస్కోలో జెరోమ్ మోటో అనే వైద్యుడు చేసింది. ఆస్పత్రినుండి వెళ్ళి చికిత్స వద్దన్న 843 మందిని చీట్లు వేసినట్లు రెండు బృందాలుగా విడదీసి, ఒక బృందానికి అయిదేళ్ళపాటు అప్పుడప్పుడు రెండు మూడు వాక్యాల ఉత్తరం పంపించాడు. 'కులాసాగా ఉన్నారని తలుస్తాం, వ్రాయాలనిపిస్తే వ్రాయండి' అన్న ధోరణిలో, ఏమీ అడగకుండా. మొదటి రెండేళ్ళలో ఉత్తరాలు అందుకున్నవారిలో మరణాలు తక్కువ. ఎవరు చనిపోతారో మోటో ఊహించలేదు, అందరికీ వ్రాశాడు.

ష్నైడ్‌మన్ పది లక్షణాల పట్టికలో 'సాధనం' అన్న మాటకు చోటు లేదు. రోగి చేతికి ప్రమాదకరమైన వస్తువు అందకుండా చూడాలని చికిత్సకుడుగా ఆయనకు తెలుసు. కాని సిద్ధాంతంలో దానికి విలువ ఇవ్వలేదు. మనసు నిశ్చయించుకుంటే చేయి ఏదో ఒకటి వెదుక్కుంటుందని ఆ తరంవారి నమ్మకం. ఇంగ్లండు అనుభవం ఆ నమ్మకాన్ని తలక్రిందులు చేసింది. అక్కడ వంటింటికి సరఫరా అయ్యే బొగ్గు గ్యాసులో విషవాయువు ఉండేది. 1960 తర్వాత దానిని క్రమంగా తొలగించి, చివరకు విషంలేని సహజవాయువును తెచ్చారు. ఇది పొదుపు కోసం చేసిన మార్పు. ఆత్మహత్యలు ఎవరి మనసులోనూ లేవు. 1963లో ఇంగ్లండు, వేల్సులలో 5,714గా ఉన్న ఆత్మహత్యలు 1975 నాటికి 3,693కు దిగాయి. దారి ఒకటి మూసుకుపోతే చాలామంది మరొక దారి వెదకలేదు. ఊగిసలాట గురించి ష్నైడ్‌మన్ చెప్పినది నిజమైతే జరగవలసినదీ ఇదే. తన సిద్ధాంతం చూపుతున్న ఈ ఫలితాన్ని ఆయన అందిపుచ్చుకోకపోవడం వింత.

ఈ తగ్గుదలకు మొదట్లో కీర్తి సమారిటన్స్‌కు దక్కింది. వారి శాఖలున్న పట్టణాలలో ఆత్మహత్యలు తగ్గాయని 1968లో ఒక పరిశోధన తేల్చింది. 1978లో జెన్నింగ్స్, ఆయన సహచరులు పట్టణాలను మరింత జాగ్రత్తగా జతపరచి చూస్తే ఆ తేడా మాయమైంది. మంచి పని చేసేవారి విషయంలో కూడా లెక్క సరిచూడక తప్పదు.

శ్రీలంకలో ఇదే సంగతి పురుగుమందుల విషయంలో జరిగింది. అతి విషపూరితమైనవాటిని 1984లోనూ 1995లోనూ, ఆ తర్వాతా దశలవారీగా నిషేధించడంతో, 1995లో లక్ష జనాభాకు 47గా ఉన్న ఆత్మహత్యలు 2005 నాటికి 24కు తగ్గాయి. పంటలు తగ్గలేదు. మన ప్రభుత్వం కూడా 2018లో 18 పురుగుమందులను నిషేధిస్తూ, పన్నెండింటిని వెంటనే, ఆరింటిని 2020 చివరనుండి ఆపవలసిందిగా ఉత్తరువు చేసింది. ప్రత్తి, మిరప పండించే తెలుగు జిల్లాలకు లాస్ ఏంజెలెస్ సిద్ధాంతాలకంటె ఈ అనుభవమే దగ్గరిది. ఆ మందులు పిల్లల చేతికి అందకుండా తాళం వేసి ఉంచాలన్న మాట గ్రామంలోని ఉపాధ్యాయుడు తల్లిదండ్రుల సమావేశంలో చెప్పదగినది.

చట్టం మాట రెండు ముక్కలలో చెప్పవచ్చును. ఇంగ్లండు 1961లోనే ఆత్మహత్యా ప్రయత్నాన్ని నేరాల జాబితానుండి తీసివేసింది. వారు మనకు 1860లో ఇచ్చిపోయిన 309వ సెక్షన్‌ను మనం ఇంకా అరవై యేళ్ళు మోశాము. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం దాని కోరలు పీకింది. 2024 జులైలో అమలులోకి వచ్చిన కొత్త న్యాయసంహితలో ఆ సెక్షన్ లేదు. ఇక పోలీసు కేసు భయంతో ఆస్పత్రికి వెళ్ళక దాచిపెట్టవలసిన అగత్యం లేదని అందరికీ తెలియాలి.

చివరగా, ఆయన పెట్టిన పేర్లలో బహుశః ఎక్కువ కాలం నిలిచేది 'పోస్ట్‌వెన్షన్', అనగా మరణం తర్వాత మిగిలినవారికి చేసే సహాయం. ఆత్మహత్య చేసుకున్నవాడు తన దుఃఖాన్ని బ్రతికివున్నవారి ఇంట్లో వదలిపోతాడనీ, వారిని ఆదుకోవడం రేపటి తరానికి చేసే నివారణేననీ ఆయన గ్రహించాడు. అంతకు ముందు ఆ సంగతి ఎవరికీ పట్టలేదు. ఒక్కొక్క మరణం వెనుక ఇటువంటివారు సగటున ఆరుగురు ఉంటారని ఆయన అన్నాడు. ఆ ఆరు ఎక్కడనుండి వచ్చింది? ఏ పరిశోధనా లేదు, కేవలం అంచనా. అయినా దశాబ్దాలపాటు వ్యాసాలలో, ఉపన్యాసాలలో ఆ అంకె శాస్త్రసత్యంగా చెలామణి అయింది. ష్నైడ్‌మన్ మరణించిన దశాబ్దం తర్వాత జూలీ సెరెల్ బృందం అమెరికాలో లెక్క తీయగా, ఒక్కొక్క ఆత్మహత్య వార్త తాకే పరిచయస్థులు సుమారు 135 మంది అని తేలింది. వారందరూ ఒకే విధంగా కుంగిపోరు. కాని వారిలో ఇంటివారు కానివారే ఎక్కువ. ఒక పాఠశాలలో ఒక పిల్లవాడు పోతే ఆ 135లో అతని తరగతి అంతా ఉంటుంది, ప్రక్క తరగతిలో అతనితో ఆడుకున్నవారుంటారు, నిన్నటివరకు హాజరుపట్టీలో అతని పేరు పిలిచిన ఉపాధ్యాయుడు కూడా ఉంటాడు.